మూడు లిపుల దుకాణం సైటు: అక్షరాలు ఎక్కడెక్కడ విరుగుతున్నాయి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నేను ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉంటూ చిన్న వ్యాపారులకు సొంతంగా వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. బరంపురంలోని ఒక పట్టుచీరల దుకాణానికి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ అమ్మకాల సైటు తయారు చేశాను. డేటాబేసులో యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని లిపులనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతికి అక్కడి పేరు) ఉంది, పేజీ తలభాగంలో యూటీఎఫ్-8 ప్రకటన ఉంది, బ్రౌజరులో అక్షరాలు చక్కగానే కనిపిస్తున్నాయి. అయితే అవే అక్షరాలు సైటు గడప దాటి ఎక్కడికి వెళ్లినా విరిగిపోతున్నాయి.

దుకాణంలో లెక్కలు చూసే ఆయన సరుకుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దింపుకొని, ఎక్సెల్‌లో ధరలు మార్చి, వాట్సాప్‌లో నాకు తిరిగి పంపుతారు. దానిని ఎక్కించగానే పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారుతున్నాయి. బిల్లును పీడీఎఫ్‌గా తీస్తే ‘పట్టు’ అన్న చోట వత్తు అక్షరం కిందకు చేరక పక్కన పడుతోంది. ఆర్డరు అందిందని వెళ్లే ఒక్క సందేశానికి రెండు మూడు సందేశాల డబ్బు పోతోంది. సరుకు పేర్లలో వత్తుల అడుగుభాగం కోసుకుపోతోంది. ఇంగ్లీషు చర్చల్లో అడిగితే ‘యూటీఎఫ్-8 పెట్టుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. మన సరిహద్దు ఊళ్లలో రెండు మూడు లిపులతో పని చేసేవారు వీటిని ఎలా సర్దుకుంటున్నారో వివరంగా చెప్పగలరు.

పట్టుదారం (బరంపురం)

ముందుగా ఏ రకంగా పాడైందో చూడాలి, ఎందుకంటే మూడు రకాలకూ మూడు వేర్వేరు మందులు ఉన్నాయి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరం క్షేమంగానే ఉంది, ఆ యంత్రంలో ఫాంటు మాత్రం లేదు. వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరం పోయినట్టే, పాత ఫైలు ఉంటే తప్ప దానిని తిరిగి రప్పించలేము. పిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం సంతోషించండి, బైట్లు దాదాపుగా అక్కడే ఉన్నాయి, వాటిని చదివిన ప్రోగ్రామే వేరే పట్టిక పెట్టుకొని చదివింది.

ఆ పిచ్చి గుర్తులను చూసి అది ఏ లిపో కూడా చెప్పవచ్చు. యూటీఎఫ్-8లో మన లిపుల్లో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు తెలుగుకు, ఒడియాకు, దేవనాగరికి ఒకటే కనుక, విండోస్-1252 అనే పాత రోమను అక్షరాల పట్టికలో చదివినప్పుడు ప్రతిసారీ నెత్తిన వాలుగీత ఉన్న రోమను అక్షరం ఒకటి వస్తుంది. తేడా రెండో బైటులో ఉంటుంది. ఆ రోమను అక్షరం పక్కన డిగ్రీ సున్న గాని, కూడిక తీసివేతలు కలిసిన గుర్తు గాని ఉంటే అది తెలుగు. జపాను యెన్ గుర్తు మాటిమాటికీ కనిపిస్తే అది దేవనాగరి. ఒడియా అయితే కొక్కెం వంటి తర్కశాస్త్రపు గుర్తు కనిపిస్తుంది.

మీ దుకాణం వారి విషయంలో జరిగినది ఇది అయి ఉంటుంది. సైటు ఇచ్చిన సీఎస్‌వీలో యూటీఎఫ్-8 ఉంది గాని ఫైలు మొదట్లో ఆ సంగతి తెలిపే బీఓఎం అనే గుర్తు లేదు. రెండుసార్లు నొక్కి తెరిస్తే ఎక్సెల్ దానిని విండోస్-1252 అనుకుంటుంది. ఆ గుర్తులను పట్టించుకోకుండా ఆయన ధరలు మార్చి, మీరు చెప్పారు కనుక ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకొని దాచారు. అంటే పిచ్చి గుర్తులే ఇప్పుడు యూటీఎఫ్-8గా స్థిరపడ్డాయి. విచిత్రం ఏమిటంటే, మామూలు సీఎస్‌వీగా దాచి ఉంటే బైట్లు తిరిగి మొదటి రూపానికే వచ్చి ఉండేవి. మంచి అలవాటే ఇక్కడ దెబ్బ తీసింది.

ఇప్పటికే డేటాబేసులోకి ఎక్కినవాటిని మైసీక్వెల్‌లోనే సరిచేయవచ్చు. ఆ కాలమ్‌ను ముందు లాటిన్1లోకి మార్పించి, దానిని బైనరీగా చదివించి, ఆ బైనరీని యూటీఎఫ్8ఎంబీ4గా తిరిగి చదివించాలి. మొదట సెలెక్ట్‌తో చూసుకొని, టేబుల్ నకలు తీసుకొని, ఆ తరువాతే అప్‌డేట్ చేయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మీరు చెప్పినది అక్షరాలా నిజం, ఆయన అలాగే దాచారట. డేటాబేసులోకి ఎక్కిన వరుసలు బాగుపడ్డాయి. అయితే ఇంకా ఎక్కించని ఫైళ్లు చాలా ఉన్నాయి కనుక వాటి కోసం పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. అందులో విండోస్-1252 అని ఇస్తే దోషం చూపి మధ్యలో ఆగిపోతోంది. దోషాలను వదిలేయమని చెబితే తెలుగు వస్తోంది గాని, వత్తు ఉన్న ప్రతి చోటా నల్లటి డైమండులో ప్రశ్నార్థకం మిగులుతోంది. ‘చీర’ బాగానే వస్తోంది, ‘పట్టు’ రావడం లేదు. కారణం ఏమై ఉంటుంది?

ప్రాణహిత తీరం (సిరొంచ)

ఈ చిక్కు నేను మరాఠీ సైట్లలోనూ చూశాను. విండోస్-1252 పట్టికలో ఐదు గదులు ఖాళీగా ఉంటాయి, పదహారు అంకెల లెక్కలో చెప్పాలంటే 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. యూనికోడ్‌లో వత్తు రావాలంటే దాని ముందు పొల్లు ఉండాలి, మన లిపుల్లో ఆ పొల్లుకు మూడో బైటు 8డి. ఉకారపు కొమ్ముకు మూడో బైటు 81. యూనికోడ్‌లో భారతీయ లిపులను ఒకే వరుసలో పేర్చారు కనుక, తెలుగు పొల్లుకూ ఒడియా హలంతానికీ దేవనాగరి హలంతానికీ చివరి బైటు ఒకటే, కొమ్ముకూ అంతే. తెలుగులో ఏ, ఐ, ఝ, అరసున్న కూడా ఈ ఖాళీ గదుల్లోనే పడతాయి.

కాబట్టి పట్టికను నిక్కచ్చిగా పాటించే ప్రోగ్రాము ఆ బైటును చూడగానే ఆగిపోతుంది లేదా దానిని పారేస్తుంది. మూడు బైట్లలో ఒకటి పోతే మిగిలిన రెండింటికీ అర్థం ఉండదు. ‘పట్టు’లో పొల్లూ ఉంది, కొమ్మూ ఉంది, అందుకే ఆ మాట రెండు చోట్ల విరిగింది. ‘చీర’లో రెండూ లేవు. మైసీక్వెల్ ‘లాటిన్1’ అని పిలిచేది నిజానికి విండోస్-1252నే, అయితే ఆ ఐదు గదులనూ అది ఖాళీగా వదలకుండా ఉన్న సంఖ్యనే ఉంచుతుంది, అందుకే అక్కడ మీకు ఇబ్బంది రాలేదు. పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ఉంది, అది కూడా ఆ గదులను అలాగే ఉంచే సడలింపు పట్టికను వాడుతుంది. మీ స్క్రిప్టులో మార్చవలసింది పట్టిక పేరున్న ఆ ఒక్క పంక్తే.

ఒడియా వరుసల విషయంలో మాత్రం ఇంకొక జాగ్రత్త అవసరం. ఒడియా గుర్తుల్లో చాలా వాటికి రెండో బైటు, ఆ పట్టికలో కంటికి కనిపించని విరుపు గీతకు చెందిన గది. ఫైలును ఫైలుగా బాగుచేస్తే పరవాలేదు. తెర మీద కనిపించిన పిచ్చి గుర్తులను ఎవరైనా నకలు తీసి వాట్సాప్‌లో అతికించి పంపితే, కొన్ని ప్రోగ్రాములు ఆ కనిపించని గీతను దారిలోనే వదిలేస్తాయి, అప్పుడు ఒడియా తిరిగి రాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఎఫ్‌టీఎఫ్‌వైతో తెలుగు మొత్తం వచ్చింది, చాలా కృతజ్ఞతలు. ఒడియాలో సందేశాల నుంచి తీసి అతికించిన వరుసలు మీరు చెప్పినట్లే రాలేదు, వాటిని పాత జాబితా చూసి తిరిగి టైపు చేయిస్తున్నాను.

వంశధార (గుణుపురం)

మరమ్మతు బాగుంది గాని, అసలు పేర్లున్న ఫైలును దుకాణదారు చేతికి ఎందుకు ఇవ్వాలి? ఆయన మార్చేది ధరే కదా. నేను నా ఖాతాదారులందరికీ సరుకు కోడు, ధర, నిల్వ అనే మూడు కాలమ్‌లే దింపుకొనేలా పెట్టాను. తిరిగి ఎక్కించేటప్పుడు సైటు ఆ కోడును బట్టి వరుసను వెతికి ధరను, నిల్వను మాత్రమే మారుస్తుంది. తెలుగు పేరు సైటు నుంచి బయటకే వెళ్లదు కనుక దానికి ఏమీ కాదు. సరుకును గుర్తుపట్టడానికి పేరు కూడా కనబడాలని పట్టుబడితే నాలుగో కాలమ్‌గా చూపించండి, ఎక్కించేటప్పుడు దానిని చదవకండి.

దింపే ఫైలు మొదట్లో బీఓఎం పెడితే ఎక్సెల్ సరిగానే తెరుస్తుంది, అది కూడా చేయండి. అదే బీఓఎం పొరపాటున పీహెచ్‌పీ ఫైలు మొదట్లో చేరితే మాత్రం హెడర్లు ముందే వెళ్లిపోయాయన్న దోషం వచ్చి, కంటికి ఏమీ కనిపించక రోజంతా వెతుక్కోవలసి వస్తుంది. దాచేటప్పుడు బీఓఎం చేర్చే పాత నోట్‌ప్యాడ్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు దిద్దే ఖాతాదారులు ఇంకా ఉన్నారు.

మజ్జిగౌరి వీధి (రాయగడ)

మీకందరికీ యూనికోడ్ అక్షరాలైనా వస్తున్నాయి, అదృష్టవంతులు. నాకు వచ్చే పాఠంలో చాలా భాగం డీటీపీ కేంద్రాల నుంచి వస్తుంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసేవారి దగ్గర ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. ఒడియా పాఠమైతే ఆకృతి ఫాంట్లలో వస్తుంది. ఆ ఫైలులో ఉన్నవి నిజానికి రోమను అక్షరాల, గుర్తుల సంఖ్యలే, ఫాంటు వాటికి తెలుగు ముసుగు తొడుగుతుంది. నకలు తీసి సైటులో అతికిస్తే ముసుగు ఊడిపోతుంది. పట్టుదారం గారు చెప్పిన పద్ధతులేవీ ఇక్కడ పనికిరావు, ఎందుకంటే ఇది చదవడంలో వచ్చిన పొరపాటు కాదు, అక్కడ తెలుగు అన్నదే లేదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి గాని, అది అను ఫాంట్లలో ఏ రకపు పాఠమో ముందు తెలుసుకోవాలి, వేరే రకానికి ఇస్తే సగం అక్షరాలు తప్పుగా మారుతాయి. మార్చిన తరువాత కూడా క్రావడి, రెండు వత్తులున్న చోట్లు, అంకెలు, ఉద్ధరణ చిహ్నాలు కంటితో చూడవలసిందే. రెండు పేజీల లోపు పాఠమైతే నేను మార్చను, ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని ఫోనులో చదివి వినిపిస్తాను, మాటను రాతగా మార్చే కీబోర్డు టైపు చేస్తుంది, తరువాత దిద్దుకుంటాను. ఇది మార్పిడి కంటే త్వరగా అవుతోంది. ధర చెప్పేటప్పుడే ‘పాఠం యూనికోడ్‌లో ఇస్తే ఇంత, డీటీపీ ఫైలుగా ఇస్తే ఇంత’ అని రెండు అంకెలు రాసి ఇస్తాను. అప్పటి నుంచి కొందరు తామే ఫోనులో టైపు చేసి పంపుతున్నారు.

ఘాట్‌రోడ్డు (కొరాపుట్)

నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంది, మన్నించగలరు. ఇంత కష్టపడి తెలుగు, ఒడియా పెట్టడం దేనికి? నా ఖాతాదారుల్లో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతోనే సరిపెట్టమంటున్నారు. మన పిల్లల్లో చాలామంది ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఎవరి కోసం ఈ పని?

పట్టుదారం (బరంపురం)

మీరు చెప్పిన పరిస్థితి నిజమే, కాని దాని నుంచి నాకు వేరే సంగతి తోస్తోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి తెలుగే చదువుతాడని గాని, ఒడిశాలో ఉన్న మనిషి ఒడియానే చదువుతాడని గాని సైటు తనంతట తాను తేల్చకూడదు. ఐపీ చిరునామాను బట్టి భాష మార్చే ప్లగిన్లు సరిహద్దులో అసలు పనికిరావు. పర్లాకిమిడిలో కూర్చున్న మనిషి ఫోను మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం టవరును పట్టుకోవచ్చు, ఇంటి ఫైబరు చిరునామా భువనేశ్వర్ అని చూపవచ్చు. బ్రౌజరు చెప్పే భాషను నమ్మినా లాభం లేదు, మనవాళ్ల ఫోన్లలో చాలా వరకు అమరిక ఇంగ్లీషులోనే ఉంటుంది.

మూడు భాషల పేర్లను వాటి వాటి లిపుల్లోనే పైన పెట్టి, నొక్కినదానిని కుకీలో గుర్తుపెట్టుకుంటే చాలు. చీర కొనేది అమ్మ అయితే, డబ్బు కట్టేది కొడుకు. ఆమె తెలుగులో చూసి ఎంచుకుంటుంది, అతను ఇంగ్లీషులో చెల్లిస్తాడు. బుట్టలో సరుకు పోకుండా భాష మారితే ఇద్దరికీ సరిపోతుంది. చాలా సైట్లలో భాష మార్చగానే బుట్ట ఖాళీ అవుతుంది, పరీక్షించవలసింది అదీ.

ఘాట్‌రోడ్డు (కొరాపుట్)

బుట్ట ఖాళీ కావడం నేను గమనించలేదు, నా సైట్లలోనూ చూస్తాను. చిన్న దుకాణాలకు మాత్రం ఇంగ్లీషు ఒక్కటే చాలునన్న నా మాట మారలేదు.

పట్టుదారం (బరంపురం)

సరే, ఎవరి బేరం వారిది. మహేంద్రతనయ గారు అడిగిన పీడీఎఫ్ సంగతికి వస్తాను. వత్తును అక్షరం కిందకు చేర్చే పనిని బ్రౌజరులో హార్ఫ్‌బజ్ వంటి ప్రత్యేక ఇంజను చేస్తుంది. డామ్‌పీడీఎఫ్, టీసీపీడీఎఫ్ వంటి లైబ్రరీలకు మన లిపుల విషయంలో ఆ పని రాదు, అవి గుర్తులను వచ్చిన వరుసలో పేర్చి ఊరుకుంటాయి. ఫాంటు మార్చినంత మాత్రాన ఫలితం ఉండదు. పీహెచ్‌పీ మాత్రమే ఉన్న చవక హోస్టింగులో ఎంపీడీఎఫ్ వాడండి, ఆ ఫాంటుకు ఓటీఎల్ అమరికను ఆన్ చేస్తేనే వత్తులు కుదురుతాయి, చేయకపోతే అదీ మిగిలినవాటిలాగే గీస్తుంది. సొంత సర్వరు ఉంటే తెర లేకుండా సర్వరులోనే నడిచే క్రోమ్ బ్రౌజరుతో పేజీనే పీడీఎఫ్‌గా అచ్చు తీయించడం అన్నిటికంటే మేలు. అయితే కొత్త లినక్స్ సర్వరులో తెలుగు ఫాంట్లు ఉండవు కనుక నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ముందుగా వేసుకోకపోతే బిల్లు నిండా డబ్బాలే వస్తాయి.

వత్తులు కోసుకుపోవడానికి కారణం థీమ్ ఇచ్చే పంక్తి ఎత్తు. ఇంగ్లీషుకు 1.2 సరిపోతుంది, తెలుగుకు నేను 1.7 పెడతాను. పేజీలో భాషను టీఈ అని, ఒడియాను ఓఆర్ అని సరిగా ప్రకటించి, సీఎస్ఎస్‌లో ఆ భాషకు మాత్రమే ఎత్తు పెంచితే ఇంగ్లీషు పేజీ చెదరదు. సరుకు పేరును రెండు పంక్తులకు కత్తిరించే చోట అడుగున ప్యాడింగ్ పెంచి సరిచేయాలని చూడకండి, మూడో పంక్తి తలకట్లు ఆ ఖాళీలోంచి తొంగిచూస్తాయి.

సాయంత్రం సంత (ధర్మాబాద్)

నాందేడ్ జిల్లా నుంచి నాదొక మాట. ఫారాలలో పేరు పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు. రోమను అక్షరాలు తప్ప ఏదీ తీసుకోని పాత తనిఖీలు చాలా ప్లగిన్లలో ఉన్నాయి. వాటిని యూనికోడ్ ‘అక్షరం’ వర్గానికి మారిస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు. ఆ వర్గంలోకి హల్లులు, అచ్చులు వస్తాయి గాని గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు ‘మార్కు’ అనే వేరే వర్గంలో ఉంటాయి. రెండు వర్గాలనూ అనుమతించాలి. వాటితో పాటు ఖాళీని, చుక్కను, పొల్లు పక్క అక్షరంతో కలవకుండా ఆపే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యుఎన్‌జే గుర్తును కూడా అనుమతించాలి, అది పై రెండు వర్గాల్లోనూ లేదు. చుక్కను ఆపేస్తే ఇంటిపేరు పొడి అక్షరంతో రాసుకునేవారెవరూ ఆర్డరు ఇవ్వలేరు.

వెతుకులాటలో ఇబ్బంది పెట్టేదీ అదే గుర్తు. ‘కాటన్‌చీర’ అని మీరు ఆ గుర్తుతో రాస్తారు, కొనేవారు తమ కీబోర్డులో ‘కాటన్చీర’ అనో, మధ్యలో ఖాళీ వదిలి ‘కాటన్ చీర’ అనో రాస్తారు. సైటు దృష్టిలో అవి మూడు వేర్వేరు మాటలు. నేను ప్రతి సరుకుకూ కనిపించని ఇంకొక కాలమ్ పెట్టి, అందులో పేరును ఆ గుర్తూ ఖాళీలూ తీసేసి దాస్తాను. వెతికే మాటకూ అదే చేసి ఆ కాలమ్‌లోనే వెతికిస్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘పట్టు’ను నాలుగు రకాలుగా రాసేవారి కోసం ఆ రూపాలను కూడా అందులోనే చేరుస్తాను.

వర్డ్‌ప్రెస్‌లో సరుకు చిరునామాను తెలుగులో వదిలేయకండి. లింకులో ఒక్కొక్క తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది, ఆ కాలమ్ నిడివి 200 అక్షరాలే. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే చిరునామా తెగుతుంది, గుణింతాలూ వత్తులూ అన్నీ లెక్కలోకి వస్తాయి కనుక రెండు మూడు మాటలకే అయిపోతుంది. తెగిన చోట ఒకే మొదలున్న చీరలకు చివర 2, 3 అని అంకెలు చేరుతాయి, ఏది ఏదో తెలియదు. సరుకు కోడునే చిరునామాగా పెట్టండి.

ప్రాణహిత తీరం (సిరొంచ)

పేరును పొట్టిగా చూపేందుకు జావాస్క్రిప్టులో నేరుగా కత్తిరించేవారు ‘స్త్రీ’తో పరీక్షించండి. మనకు ఒక్క అక్షరమే గాని, దాని పొడవు ఆరు అని వస్తుంది. మధ్యలో కోస్తే పొల్లు వేలాడుతూ మిగులుతుంది. పాఠాన్ని అక్షరాలుగా విడదీసే ఇంటిల్ సెగ్మెంటర్ అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం 2024లోనే వచ్చింది. పాత బ్రౌజర్లలో అది కూడా ‘స్త్రీ’ని మూడు ముక్కలు చేస్తుంది, ఎందుకంటే తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టరాదన్న నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లో చేరింది. పాత బ్రౌజర్ల వాడకం పోయేంతవరకు నా సలహా, కత్తిరింపును సీఎస్ఎస్‌కు వదిలేయండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూల్చిన సంగతి గుర్తుండే ఉంటుంది, ఐఓఎస్ 11.2.6 వచ్చే దాకా అది సర్దుకోలేదు. అంత పెద్దవారికే తప్పనిది మనకు తప్పుతుందా?

మజ్జిగౌరి వీధి (రాయగడ)

సందేశాల లెక్క నేను చెబుతాను. రోమను అక్షరాల ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి, ఒక్క తెలుగు గుర్తు చేరినా మొత్తం సందేశం యూనికోడ్‌గా మారి 70కి పడిపోతుంది. 70 దాటి ముక్కలైతే ముక్కకు 67 మాత్రమే, ప్రతి ముక్కకూ విడిగా డబ్బు. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఇంగ్లీషు సందేశంలో రూపాయి గుర్తు పెట్టినా ఇదే జరుగుతుంది, ఆ గుర్తు పాత ఎస్ఎంఎస్ పట్టికలో లేదు. వంకర ఉద్ధరణ చిహ్నాలు, వర్డ్ నుంచి అతికించిన పొడవు గీతలు కూడా అంతే. గుర్తు బదులు ఇంగ్లీషు అక్షరాల్లో ‘Rs’ అని రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం సందేశపు మూసను డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయాలి కనుక, నమోదుకు పంపే ముందే గుర్తులను లెక్కపెట్టుకోండి, తరువాత దిద్దాలంటే మళ్లీ అనుమతి కోసం వేచి ఉండాలి. నా దుకాణాల్లో ఎస్ఎంఎస్ ఇంగ్లీషులో రెండు మాటల సమాచారంగా వెళ్తుంది, అందులోని లింకు తెలుగు పేజీకి తీసుకెళ్తుంది.

వంశధార (గుణుపురం)

అక్షరాల సంగతి అలా ఉంచి, మా వైపు లైను నిలవకపోవడం గురించి కూడా రాయాలి, ఎందుకంటే సగం సైట్లు విరిగేది ఎక్కించేటప్పుడే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత గజపతి, రాయగడ వైపు పని చేసినవారికి చెప్పనక్కరలేదు, మామూలు వానకు కూడా ఫైబరు తెగుతూనే ఉంటుంది. ఎఫ్‌టీపీలో ఫైళ్లు సగం ఎక్కాక లైను పోతే సగం పాత కోడు, సగం కొత్త కోడు కలిసి తెల్ల పేజీ వస్తుంది. నేను కొత్త కోడును వేరే ఫోల్డరులోకి ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ఉపకరణంతో ఎక్కిస్తాను, పార్షియల్ అనే ఐచ్ఛికం ఇస్తే తెగిన పెద్ద ఫైలు మళ్లీ మొదటి నుంచి పోనక్కరలేదు. అంతా చేరిన తరువాత, సైటు ఏ ఫోల్డరును చూడాలో చెప్పే సిమ్‌లింకును ఒక్కసారి కొత్త ఫోల్డరుకు తిప్పుతాను. కొనేవారికి మధ్యదశ కనిపించదు.

కోడును చరిత్రతో సహా దింపే గిట్ క్లోన్ మధ్యలో ఆగితే మిగిలినది కొనసాగించదు, పెద్ద రిపాజిటరీ అయితే ఎన్నిసార్లయినా మొదటికే వస్తుంది. డెప్త్ 1తో పై పొరను మాత్రమే దింపుకొని, చరిత్ర కావాలంటే తరువాత కొంచెం కొంచెంగా లోతు పెంచుకోవచ్చు. సర్వరులో నడిచే ప్రతి పెద్ద పనినీ టీమక్స్ లోపల మొదలుపెట్టండి, ఇక్కడ లైను పోయినా అక్కడ పని ఆగదు. రౌటరుకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఉంటే మంచిదని చెప్పడం కూడా ఇక్కడ సాంకేతిక సలహాయే.

పట్టుదారం (బరంపురం)

సరిహద్దు దుకాణాలకు ఇంకొకటి. ఇంటికి పంపే సరుకు ఒడిశాలోనే దిగితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఆంధ్రలోని ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో దిగితే ఐజీఎస్టీ. రాష్ట్రం పెట్టెలో ముందే ‘ఒడిశా’ అని నింపి ఉంచితే చాలామంది దానిని మార్చకుండా ఊరి పేరు మాత్రం రాసి పంపుతారు, బిల్లు మీద రాష్ట్ర సంకేతం ఆంధ్రకు చెందిన 37కు బదులు ఒడిశాకు చెందిన 21 అని పడుతుంది, నెలాఖరున ఆడిటరు మనకు ఫోను చేస్తాడు. ఆ పెట్టెను ఖాళీగా ఉంచండి. పిన్‌కోడు 53తో మొదలై రాష్ట్రం ఒడిశా అని ఉంటే ఆర్డరు ముందుకు వెళ్లకుండా ఒక్కసారి అడగండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇది నా సైటులో నిన్ననే జరిగింది, పిన్‌కోడు తనిఖీ ఈ రాత్రికే పెడతాను. జాబితాను కోడు, ధర, నిల్వలకు కుదించాను. దుకాణదారు ఫైలు చిన్నదైందని సంతోషించారు, కారణం ఆయనకు అవసరం లేదు. ఎంపీడీఎఫ్‌లో ఓటీఎల్ ఆన్ చేశాక తెలుగు బిల్లు సరిగా వస్తోంది.

ఇక మిగిలినది గల్లా దగ్గరి చిన్న బిల్లు ప్రింటరు. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటరుకు తెలుగు పాఠం పంపితే చైనా అక్షరాలు వస్తున్నాయి. దానికి తెలుగు ఫాంటు ఎక్కించే మార్గం ఉందా?

ప్రాణహిత తీరం (సిరొంచ)

ఫాంటు కోసం వెతకకండి. ఆ ప్రింటర్లలో ఉండే అక్షర పట్టికల్లో తెలుగు ఉండదు, పొరపాటున ఎక్కడైనా ఉన్నా వత్తులు కుదర్చడం దానికి చేతకాదు. బిల్లును బ్రౌజరులో క్యాన్వాస్ మీద గీయించి, బొమ్మగా పంపండి. 58 మిల్లీమీటర్ల కాగితానికి అడ్డంగా 384 చుక్కలు, 80 మిల్లీమీటర్లదానికి 576. సరిగ్గా ఆ వెడల్పుకే గీయండి, పెద్దదిగా గీసి కుదిస్తే సన్నని గీతలు మాయమవుతాయి. బూడిద ఛాయలు లేకుండా నలుపు తెలుపుగా మార్చి పంపాలి, ఫాంటు లావు రకం తీసుకోండి, లేకపోతే తలకట్టు ఎగిరిపోతుంది. అంకెలు, తేదీ, మొత్తం మాత్రం మామూలు పాఠంగానే పంపవచ్చు, బొమ్మ నిదానంగా అచ్చవుతుంది కనుక పండుగ రద్దీలో వరుస నిలబడకుండా ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

దుకాణం పేరు, చీర పేరు బొమ్మగా, మిగిలినది పాఠంగా పంపి చూశాను. ‘పట్టు’ వచ్చింది. ఒడియాలో గుండ్రటి తలలు కొంచెం అతుక్కుంటున్నాయి, అక్షరం పరిమాణం పెంచి మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.